టొరంటో టాఫెల్‌మ్యూజిక్: పేగు తీగల ఫిడేళ్ళు, మాస్సీ హాల్లో గోష్ఠిగానం

మొదటిసారి వెళ్ళినప్పుడు నన్ను కట్టిపడేసింది వాళ్ళు వాయించిన సంగీతం కాదు, శ్రుతి చేసుకున్న తీరు. ఒక రచన అయిపోయింది, చప్పట్లు ఆగాయి, ఇక తర్వాతది ఎత్తుకుంటారనుకుంటే అందరూ మళ్ళీ బిరడల మీద చేతులు వేశారు. హార్ప్సికార్డ్ అనే పాతకాలపు మీటల వాద్యం దగ్గర కూర్చున్నావిడ ఒక్క స్వరం ఇస్తోంది, ఒక్కొక్క ఫిడేలూ వచ్చి అందులో కలుస్తోంది, తల వంచి వింటున్నారు, కొంచెం తిప్పి మళ్ళీ వింటున్నారు. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. హాల్లో ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ ఫోను తీయలేదు. విజయనగరంలో నేను ఆరేళ్ళు ఫిడేలు నేర్చుకున్నాను, మా మాస్టారు క్లాసులో సగం టైము శ్రుతికే పెట్టేవారు, "శ్రుతి కలవకపోతే కమాను కింద పెట్టెయ్యమ్మా" అనేవారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత, బయట మైనస్ పన్నెండు చలి, లోపల ఎవరో తెలియని మనుషుల మధ్య ఒక చర్చిలో కూర్చుని ఉండగా ఆ మాట అలా చెవిలో పడినట్టయింది. కళ్ళు తడిశాయి.

ఆ బృందం పేరు టాఫెల్‌మ్యూజిక్. నాలుగేళ్ళుగా వీలైనప్పుడల్లా వెళ్తున్నాను. ఇక్కడి మన తెలుగువాళ్ళకు చెప్తే "అదేంటి, ఒపెరానా? మనకేం అర్థమవుతుంది?" అంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1979లో కెనెత్ సోల్వే, సూజన్ గ్రేవ్స్ అనే ఇద్దరు మొదలుపెట్టారు, ఆయనది ఓబో, ఆవిడది బసూన్, రెండూ ఊదే వాద్యాలే. పేరు జర్మన్ మాట, విందుల దగ్గర వాయించే సంగీతం అని అర్థం, టెలిమాన్ అనే జర్మన్ స్వరకర్త 1733లో అచ్చు వేయించిన సంపుటం పేరు కూడా అదే. కానీ ఈ బృందానికి ఇప్పుడున్న ముఖం ఇచ్చింది జీన్ లమాన్ అనే వయొలినిస్టు. 1981లో బాధ్యత తీసుకుని 2014 దాకా, అంటే 33 ఏళ్ళు, ఫిడేలు చేత్తో పట్టుకునే బృందాన్ని నడిపించారు. ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడే కండక్టర్ అంటూ వేరే లేరు, మొదటి ఫిడేలు ఊపిరి తీసుకోవడం చూసి మిగతావాళ్ళు ఎత్తుకోవడమే. మన కచేరీలో గాయకుడి తల ఊపు చూసి మృదంగం అందుకున్నట్టు. లమాన్ 2021లో చనిపోయారు. బ్లూర్ వీధిలో ట్రినిటీ సెయింట్ పాల్స్ చర్చిలో వీళ్ళు ఎక్కువగా వాయించే హాలుకు ఆవిడ పేరే పెట్టుకున్నారు. ఆవిడ చేతుల మీద నడిచిన కచేరీ నేను ఒక్కటీ చూడలేదు, రికార్డింగుల్లో విన్నదే, ఆ లోటు నాకు ఉంది. ఆ తర్వాత చేతులు మారాయి, 2024 నుంచి ఇంగ్లండుకు చెందిన రేచల్ పాడ్జర్ ముఖ్య అతిథి దర్శకురాలిగా వస్తున్నారు, బారోక్, అంటే ఆ పాతకాలపు యూరప్ సంగీతం, దాని ఫిడేలు అంటే ప్రపంచంలో ముందు వినిపించే పేర్లలో ఆవిడది ఒకటి.

వీళ్ళ పని ఏమిటంటే, పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల యూరప్ సంగీతాన్ని ఆ కాలపు వాద్యాల మీద, లేదా వాటిని చూసి అచ్చం అలాగే చేయించిన వాద్యాల మీద వాయించడం. ఫిడేలుకు స్టీలు తీగలు ఉండవు, గొర్రె పేగులతో చేసిన తీగలు. గడ్డం ఆనించే చెక్క కూడా చాలామందికి ఉండదు. కమాను ఇప్పటిదానికంటే తేలిక, కొంచెం బయటికి వంగి ఉంటుంది, కాబట్టి ఒక్కొక్క స్వరం మొదట్లో చిన్నగా ఉబ్బి చివర్లో తగ్గుతుంది, మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పేగు తీగ గొంతులో చిన్న గరుకు ఉంటుంది, నాకు అదే ఇష్టం. కానీ గాలిలో తేమ మారినా, హాల్లో హీటర్ ఎక్కువైనా ఆ తీగ శ్రుతి జారిపోతుంది. నేను మొదటిరోజు చూసిన ఆ రెండు నిమిషాల సంగతి ఇదన్నమాట.

శ్రుతి విషయం ఇంకొకటి చెప్పాలి. ఇప్పటి ఆర్కెస్ట్రాలు "ఎ" అనే స్వరాన్ని సెకనుకు 440 కంపనాల దగ్గర పెట్టుకుంటాయి. బారోక్ వాయించేవాళ్ళు మామూలుగా 415 దగ్గర పెట్టుకుంటారు, అంటే సుమారు అర స్వరం కింద. నిజానికి ఆ రోజుల్లో ఊరికొక శ్రుతి ఉండేదట, 415 అనేది ఈ కాలంలో అందరూ కలిసి వాయించుకోవడానికి కుదుర్చుకున్న లెక్క. పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న మా అమ్మాయికి ఇది చాలా వింతగా అనిపించింది, తన ఫిడేలు అదే స్వరం వేరేగా పలుకుతోందని గోల. నాకేం వింత అనిపించలేదు. మన దగ్గర పాడేవాళ్ళ గొంతును బట్టి శ్రుతి పెట్టుకోవడమే కదా.

హార్ప్సికార్డ్, చెలో (కూర్చుని వాయించే పెద్ద ఫిడేలు లాంటిది) వాళ్ళ ముందున్న కాగితం ఒకసారి దగ్గరగా చూశాను, ఇంటర్వెల్‌లో వేదిక దగ్గరికి వెళ్తే అక్కడున్న ఒకాయన చూపించారు. కింది వరస స్వరాలు మాత్రమే రాసి ఉన్నాయి, వాటి దగ్గర అంకెలు, 6 అనో 7 అనో. అంతే. ఆ అంకెలను బట్టి కుడి చేత్తో ఏ స్వరాలు కలపాలి, ఎప్పుడు చిక్కగా వాయించాలి, ఎప్పుడు రెండు స్వరాలతో ఊరుకోవాలి అన్నది వాయించేవాళ్ళ ఇష్టం, అప్పటికప్పుడు. పాశ్చాత్య సంగీతం అంటే రాసింది రాసినట్టు వాయించడమే, మనోధర్మం మనకే సొంతం అని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. ఆ అభిప్రాయం ఆ కాగితం దగ్గరే పోయింది. ఆ కాలపు పాటల్లో మొదటి భాగం మళ్ళీ పాడేటప్పుడు గాయని కొత్త సంగతులు వేయాలి, అదే మళ్ళీ అలాగే పాడితే ఆ రోజుల్లో తక్కువగా చూసేవాళ్ళు.

ఇక్కడ నాకు అన్నమయ్య గుర్తొస్తాడు. తిరుమలలో రాగిరేకులు 1922లో వెలుగులోకి వచ్చాయి, సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి గారు, బాలకృష్ణప్రసాద్ గారు వీటికి మళ్ళీ బాణీలు కట్టారు కాబట్టి మనం పాడుకుంటున్నాం. వీళ్ళు వాయించే పద్దెనిమిదో శతాబ్దపు స్వరకర్తలు బాఖ్, హాండెల్ విషయంలో స్వరాలున్నాయి, కానీ వాటిని ఎలా పలికించేవాళ్ళన్నది కాగితం మీద లేదు. ఆ తర్వాతి వందేళ్ళలో వాద్యాలు మారిపోయాయి, హాళ్ళు పెద్దవైపోయాయి, పాత అలవాటు పోయింది. అందుకే వీళ్ళు పాత గ్రంథాలు తిరగేస్తారు. ఫ్లూటు మీద క్వాంట్స్ అనే ఆయన 1752లో రాసింది, మీటల వాద్యం మీద బాఖ్ కొడుకు 1753లో రాసింది, ఫిడేలు మీద మొజార్ట్ వాళ్ళ నాన్న 1756లో రాసింది. వాటిలో కమాను ఎటు లాగాలి, గమకం ఎక్కడ వేయాలి అన్నంత వివరం ఉంది. చదివి, వాయించి, విని, మళ్ళీ మార్చుకుని. ఇంత ఓపిక పెట్టేవాళ్ళంటే నాకు గౌరవం.

మామూలు కచేరీ ఎలా ఉంటుందో చెప్తాను. చర్చి పాతది, పైన చుట్టూ బాల్కనీ ఉంది, వేదికకు జనానికి మధ్య దూరం తక్కువ. ఫిడేళ్ళు, వయోలాలు (ఫిడేలు కంటే కాస్త పెద్దవి) వాయించేవాళ్ళు నిలబడే వాయిస్తారు, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు, నవ్వుకుంటారు. ఒకసారి బాఖ్ బ్రాండెన్‌బర్గ్ కన్సర్టోల్లో (వాద్యబృందం కోసం రాసిన రచనలు) మూడోది, ఐదోది విన్నాం. అవి మొత్తం ఆరు, 1721లో ఒక జర్మన్ ప్రభువుకు అంకితం ఇచ్చినవి. మూడోదానిలో మూడు ఫిడేళ్ళు, మూడు వయోలాలు, మూడు చెలోలు, ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నట్టు ఒకే చిన్న ముక్కను అటూ ఇటూ విసురుకుంటారు. దాని రెండో భాగం దగ్గర బాఖ్ రాసింది రెండంటే రెండు కార్డులు, అంటే ఒకేసారి పలికించే స్వరాల గుంపులు. అంతకుమించి ఏమీ లేదు. అక్కడ ఏం చేయాలన్నది వాయించేవాళ్ళకు వదిలేసినట్టే. ఆ రోజు మొదటి ఫిడేలు అక్కడ చిన్న ఆలాపన లాంటిది చేసింది, పది పదిహేను సెకన్లు, అంతలో మూడో భాగం ఉరుకులు పరుగులు.

ఐదోదానిలో మొదటి భాగం చివర హార్ప్సికార్డ్ ఒంటరిగా అందుకుంటుంది. మిగతా అందరూ వాద్యాలు దించి నిలబడతారు. పెద్దగా శబ్దం చేయలేని వాద్యం అది, లోపల చిన్న ఈక ముక్క తీగను మీటుతుంది, ఎంత గట్టిగా నొక్కినా ఒకే గొంతు. అలాంటిది స్వరాల మీద స్వరాలు పేర్చుకుంటూ, ఊపిరి తిప్పుకోనివ్వకుండా వెళ్ళి వెళ్ళి, ఇక తట్టుకోలేం అన్నప్పుడు అందరూ కలిసి పల్లవి అందుకున్నట్టు అందుకుంటారు. నా పక్కన కూర్చున్న మావారికి సంగీతం పెద్దగా తెలియదు, నా చెవిలో "ఇది తని ఆవర్తనమే కదా" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

నచ్చని విషయాలు కూడా ఉన్నాయి, అవి సంగీతానికి సంబంధించినవే. ఫ్రెంచి నాట్య సంగీతం మీద నడిచే సాయంత్రాలు నాకు బరువుగా ఉంటాయి. చిన్న చిన్న నాట్యాలు, ఒకటి అయితే ఇంకొకటి, వాటికి ఎదురుగా నాట్యం లేకపోతే నా మనసు నిలవదు. ఇంకొకటి, పేగు తీగల శబ్దం చిన్నది. సినిమా పాటల రీరికార్డింగులో వంద ఫిడేళ్ళ హోరు అలవాటైన చెవికి మొదటి పావుగంట ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది. ఆ పావుగంట ఓపిక పట్టాలి. చెవి దానంతట అదే దగ్గరికి జరుగుతుంది, తర్వాత ఇంటికెళ్ళి మామూలు రికార్డు వింటే అది గట్టిగా అరుస్తున్నట్టుంటుంది.

ఇప్పుడు నేను అసలు ఎక్కువగా చెప్పాలనుకున్న భాగం. ఈ సంగీతం తెలిసిన వాళ్ళకే కాకుండా, తెలియని వాళ్ళను లోపలికి పిలవడానికి వీళ్ళు చేసే పని. చాలా బృందాలు దీన్ని పక్కపనిగా చూస్తాయి, స్కూలుకు ఒకసారి వెళ్ళి ఫోటో దిగి వచ్చేస్తారు. వీళ్ళ దగ్గర అది కచేరీలోనే ఉంది. ఆలిసన్ మెకే అని ఈ బృందంలో ఎన్నో ఏళ్ళు డబుల్ బేస్ వాయించిన ఆవిడ ఉన్నారు, కథ, బొమ్మలు, సంగీతం కలిపి ఒక్కటిగా అల్లే కచేరీలు తయారు చేశారు. ఇటలీ స్వరకర్త వివాల్డి నాలుగు ఋతువుల కన్సర్టోలు 1725లో అచ్చయ్యాయి, లిఫ్టుల్లో కూడా వినపడి వినపడి అరిగిపోయిన సంగీతం అది. దాన్ని తీసుకుని, అదే కాలంలో మిగతా ప్రపంచంలో ఋతువులను ఎలా పాడుకునేవాళ్ళు అని అడిగి, చైనా తీగవాద్యం పీపా, ఉత్తర ధ్రువం దగ్గరి ఇన్యూట్ స్త్రీల గొంతు పాట, మన సారంగీ పక్కన పెట్టారు. సారంగీ వాయించింది అరుణా నారాయణ్, పండిత్ రామ్ నారాయణ్ గారి కూతురు. దాని మీద డాక్యుమెంటరీ ఉంది, నేను చూసింది అదే. పేగు తీగల ఫిడేలు, పేగు తీగల సారంగీ పక్కపక్కన వింటే అవి ఎక్కడో చుట్టాలని తెలిసిపోతుంది.

గెలీలియో మీద చేసినది కూడా అలాంటిదే. ఆయన దూరదర్శినితో ఆకాశాన్ని చూసి 400 ఏళ్ళయిన సందర్భంగా 2009లో చేశారు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ లూట్ అనే తీగవాద్యం వాయించేవాడు, సంగీత శాస్త్రం మీద గ్రంథాలు రాశాడు, గెలీలియో తమ్ముడు కూడా లూట్ విద్వాంసుడే, ఈ సంగతి నాకు దీనివల్లే తెలిసింది. వెనక తెర మీద గ్రహాలు, నక్షత్రాలు, ముందు వీళ్ళు కాగితాలు లేకుండా మొత్తం కంఠస్థం చేసి, హాల్లో తిరుగుతూ వాయిస్తారు. మన వాళ్ళకు కాగితం లేకుండా వాయించడం పెద్ద విషయంగా అనిపించదు, కానీ కాగితం చూసి వాయించే అలవాటులో పెరిగిన ఇరవై మంది గంటన్నర సంగీతం నోటికి నేర్చుకోవడం అంటే నెలల సాధన. ఒక గ్రహశకలానికి టాఫెల్‌మ్యూజిక్ అని పేరు కూడా పెట్టారు. మా అమ్మాయి సైన్సు ప్రాజెక్టులో ఆ సంగతి రాసుకుంది. 2016లో లైప్‌జిగ్, డమాస్కస్ నగరాల కాఫీ హోటళ్ళ మీద ఒకటి చేశారు, అరబ్ సంగీత విద్వాంసులతో కలిసి. బాఖ్ తన బృందంతో వారం వారం కచేరీ చేసింది జిమ్మర్మన్ అనే ఆయన కాఫీ హోటల్లో, 1729 నుంచి. దేవుడి గదిలో పెట్టి చూడాల్సిన మనిషిగా నాకు నేర్పిన బాఖ్, కాఫీ వాసన మధ్య, కప్పుల చప్పుడు మధ్య వాయించాడంటే నాకు ఆయన ఇంకా దగ్గరయ్యాడు.

ఇక హాండెల్ "మెస్సయా" (క్రీస్తు మీద ఇంగ్లీషులో రాసిన పెద్ద గానరచన) అందరూ కలిసి పాడే కార్యక్రమం. ప్రతి డిసెంబరులో జరుగుతుంది, మేము వెళ్ళింది మాస్సీ హాల్లో, 1894 నాటి హాలు అది. టికెట్ కొన్నవాళ్ళే గాయక బృందం. మీ గొంతు ఏదో దాన్ని బట్టి సీట్లు, ఆడవాళ్ళలో పై గొంతు సొప్రానోలు ఒకవైపు, కింది గొంతు ఆల్టోలు ఒకవైపు, మగవాళ్ళలో అలాగే టెనర్లు, బేస్‌లు. ఒంటరి పాటలు సోలో గాయకులు పాడతారు, బృంద గానాలు హాలంతా. నడిపించేది ఐవార్స్ టారిన్స్, 1981 నుంచి వీళ్ళ గాయక బృందానికి దర్శకుడు. ఆయన హాండెల్ వేషంలో వస్తారు, తెల్ల విగ్గు, పొడుగు కోటు, హాండెల్ లాగే యాసతో మాట్లాడతారు, సరిగ్గా పాడకపోతే ఆపి ముద్దుగా కసురుతారు.

రెండేళ్ళ కిందట మా అమ్మ విజయనగరం నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. అమ్మకు అరవై ఎనిమిది. యాభై ఏళ్ళుగా త్యాగరాజ కీర్తనలు పాడుతోంది, ఇంగ్లీషు మాట్లాడటం కష్టం. "ఏమే, నేనెక్కడ పాడతానే వాళ్ళ మధ్య, మాటలే తిరగవు" అంది. మా అమ్మాయి శనివారం తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలతో ఆ బృందగానాల మాటలన్నీ ఒక నోటుబుక్కులో తెలుగులో రాసిచ్చింది. "అమ్మమ్మా, ఇక్కడ ఆ అని పన్నెండు సార్లు లాగాలి" అని పక్కన పెన్సిల్‌తో గుర్తులు. అమ్మ రెండు వారాలు వంటింట్లో పాడుకుంటూ తిరిగింది. ఒక అచ్చు పట్టుకుని ముప్పై నలభై స్వరాలు పరుగెత్తించే చోట్లు హాండెల్‌లో చాలా ఉంటాయి, ఇక్కడ పుట్టిపెరిగిన వాళ్ళే అక్కడ తడబడతారు, అమ్మకు అవి మాత్రం చక్కగా వచ్చేశాయి. అకార సాధన చేసిన గొంతు కదా. అసలు కష్టం వేరే చోట వచ్చింది. ఒకే పాటలో నాలుగు వరసలు నాలుగు దారుల్లో పోతుంటే, పక్క వరస బాణీ తియ్యగా ఉందని దాని వెంట పోకుండా మన వరస మీద నిలబడటం. మనకు అలవాటు లేని విద్య అది. ఇద్దరం పదిసార్లు దారి తప్పాం, పక్కన ఉన్న పెద్దావిడ, అరవై పైబడి ఉంటాయి, తన పుస్తకం మా వైపు జరిపి వేలితో చూపిస్తూ పాడింది.

"హల్లెలూయా" అనే బృందగానం దగ్గర అందరూ లేచి నిలబడ్డారు. లండన్‌లో రాజు నిలబడ్డాడు కాబట్టి అందరూ నిలబడతారని కథ చెప్తారు, దానికి గట్టి ఆధారం ఏదీ లేదు, అయినా ఆ అలవాటు నిలిచిపోయింది. అమ్మ కూడా నిలబడి చెయ్యి తొడ మీద వేసి తాళం వేస్తూ పాడింది. రెండు వేల పైచిలుకు మంది ఒక్క గొంతుగా అంటే హాలు చెక్కలు కూడా కదిలినట్టు అనిపిస్తుంది. బయటికి వచ్చాక కోటు బొత్తాలు పెట్టుకుంటూ అమ్మ అంది, "తిరువయ్యూరులో పంచరత్నాలు పాడినట్టే ఉందే, వీళ్ళకూ ఆరాధన ఉందన్నమాట." దాని మీద నేనేం కలపలేదు. మతం వేరు, భాష వేరు, బాణీ వేరు, కానీ వచ్చినవాళ్ళెవరినీ నీకు వచ్చా రాదా అని అడగని చోటు అది. ఇక్కడి ఇంకో పెద్ద హాల్లో, పేరు అనవసరం, మా అమ్మాయి ఒక భాగం అయిపోగానే సంతోషం పట్టలేక చప్పట్లు కొడితే వెనక సీటాయన భుజం తట్టి మరీ ఆపాడు, రచన మొత్తం అయ్యేదాకా చప్పట్లు కొట్టకూడదని అక్కడి పద్ధతి. పిల్ల ఆ సాయంత్రం అంతా బిక్కచచ్చి కూర్చుంది. టాఫెల్‌మ్యూజిక్ దగ్గర ఆ భయం లేదు.

"మెస్సయా" పుట్టుకే ఇలాంటిది. హాండెల్ 1741లో 24 రోజుల్లో రాశాడు. మొదటిసారి పాడింది డబ్లిన్‌లో, 1742 ఏప్రిల్ 13న. హాలు చిన్నది, జనం ఎక్కువ వస్తారని ఆడవాళ్ళు లంగాల కింద వెడల్పు చట్రాలు కట్టుకోకుండా, మగవాళ్ళు కత్తులు పెట్టుకోకుండా రమ్మని ముందే ప్రకటించారు. వచ్చిన డబ్బు రెండు ఆసుపత్రులకు, అప్పు తీర్చలేక జైల్లో ఉన్నవాళ్ళకు పంచారు, దాంతో 142 మంది విడుదలయ్యారు. తర్వాత 1750 నుంచి లండన్‌లో అనాథ పిల్లల ఆశ్రమం కోసం దీన్ని పాడించాడు, వీలునామాలో ఆ ఆశ్రమానికి ఒక ప్రతి రాసిచ్చాడు. వివాల్డి కూడా ఏళ్ళ తరబడి వెనిస్‌లో అనాథ ఆడపిల్లల ఆశ్రమంలో ఫిడేలు నేర్పినవాడే. ఈ సంగీతంలో కొంత అలాంటి చోట్లలో పెరిగింది. అందుకే దీన్ని ఖరీదైన హాళ్ళలో మాత్రమే వినిపిస్తే నాకు మనసొప్పదు, వీళ్ళు తలుపులు తీస్తుంటే సంతోషంగా ఉంటుంది.

నేర్పించే పని సంగతి కూడా చెప్పాలి. ప్రతి వేసవి టొరంటో యూనివర్సిటీలో వీళ్ళు బారోక్ శిక్షణ శిబిరం పెడతారు, దేశదేశాల నుంచి కుర్ర విద్వాంసులు వస్తారు. ఆ రెండు వారాల్లో జరిగే కచేరీల్లో కొన్నిటికి టికెట్ ఉండదు, వెళ్ళి కూర్చోవడమే. నన్నడిగితే పిల్లలను మొదట తీసుకెళ్ళాల్సింది వీటికి. వేదిక మీద ఇరవై రెండేళ్ళ వాళ్ళుంటారు, తప్పులు పడతాయి, ఒకసారి ఒక అబ్బాయి పేగు తీగ మధ్యలో తెగిపోయింది, నవ్వుతూ లోపలికి పరిగెత్తి కొత్తది కట్టుకుని వచ్చాడు, జనం అప్పటిదాకా ఎదురుచూశారు. కచేరీ అయ్యాక మా అమ్మాయి వెళ్ళి ఆ తీగ ముక్క చూపించమంది. అతను దాన్ని చుట్టి చేతిలో పెట్టేశాడు. ఇప్పుడు అది తన ఫిడేలు పెట్టెలో ఉంది. ఆ రోజు నుంచి పిల్ల సాధన చేయమంటే విసుక్కోవడం తగ్గింది, అబద్ధం చెప్పను, పూర్తిగా పోలేదు.

ఒక కోరిక మాత్రం ఉంది. మేమంతా ఉండేది మిస్సిసాగా, బ్రాంప్టన్, స్కార్బరో వైపు. ఫిడేలు నేర్చుకునే మన పిల్లలు, తమిళ పిల్లలు అక్కడ ఎంతమందో. ఫిడేలు మన సంగీతంలోకి వచ్చిందే మద్రాసులో ఇంగ్లీషువాళ్ళ దగ్గర బాలుస్వామి దీక్షితర్ నేర్చుకోవడం వల్ల అంటారు, ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితర్ ఆ పాశ్చాత్య బాణీలకే సంస్కృత సాహిత్యం రాసి నొట్టుస్వరాలు చేశారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయించిన ఊళ్ళో పుట్టినదాన్ని నేను, ఈ రెండు ఫిడేళ్ళు ఒక వేదిక మీద వినాలని నాకుంది. సారంగీని పిలిచినవాళ్ళు కర్ణాటక ఫిడేలును కూడా పిలవచ్చు. మా వైపు ఏదైనా బడిలోనో గుడి హాల్లోనో ఒక సాయంత్రం పెడితే కుర్చీలు వేయడానికి నేను వస్తాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు: చర్చి హాలుకు స్పడైనా సబ్‌వే స్టేషన్ దిగి నడిస్తే చాలు, మిస్సిసాగా నుంచి అయితే కిప్లింగ్‌లో కారు పెట్టి రైలెక్కడం సుఖం, డౌన్‌టౌన్ పార్కింగ్ టెన్షన్ ఉండదు. విద్యార్థులకు, యువతకు తక్కువ ధర టికెట్లు ఉంటాయి, కొనేముందు చూసుకోండి. అరగంట ముందు వెళ్ళి, ఇచ్చే ప్రోగ్రాం పుస్తకం చదవండి, ఏ రచన ఎందుకు పెట్టారో అందులో ఉంటుంది, చదివి వింటే వేరుగా వినిపిస్తుంది. బాల్కనీ ముందు వరస దొరికితే వాయించేవాళ్ళ చేతులన్నీ కనిపిస్తాయి, పిల్లలకు అదే మంచిది. చిన్నపిల్లలున్నవాళ్ళు మొదట వేసవి ఉచిత కచేరీ, తర్వాత డిసెంబరు పాట, ఆ తర్వాతే మామూలు కచేరీ పెట్టుకోండి. డిసెంబరు కార్యక్రమం ఏ హాల్లో, ఏ రోజో ముందే చూసుకోండి, టికెట్లు త్వరగా అయిపోతాయి. స్వరాల పుస్తకం ఇంటి నుంచి తీసుకెళ్ళండి, లేదా లైబ్రరీలో అడగండి. పాడటం రాదని మానెయ్యకండి, రానివాళ్ళు చాలామంది వస్తారు.

అమ్మ వచ్చే నెలలో మళ్ళీ వస్తోంది. నోటుబుక్కు సంచిలో పెట్టుకున్నానని ఫోనులో చెప్పింది. మేము ఆల్టోల వైపే ఉంటాం, కనిపిస్తే పలకరించండి.